సీ షిఫ్ట్ వారం

సీ షిఫ్ట్ వారం మొదలైందంటే మా ఇంట్లో ముందుగా జరిగే పని కాలింగ్ బెల్ వైరు పీకడం. ఆ పని నాది. స్టూలెక్కి, తలుపు పైనున్న చిన్న తెల్ల డబ్బా మూత తీసి, ఎర్ర వైరు వదులు చేసి పక్కకి వంచుతాను. తర్వాత కుక్కరు తీసి అటక మీద పెడతాను. కుక్కరు కూత పెడుతుంది కాబట్టి ఆ వారమంతా పప్పు గిన్నెలోనే ఉడకాలి. మిక్సీ పట్టాల్సినవన్నీ ముందే పట్టేసి ఫ్రిజ్‌లో దాచుకోవాలి. పాలవాడికీ, చెత్త తీసుకెళ్లే ఆవిడకీ తలుపు కొట్టొద్దని చెప్పుకోవాలి. ఈ ఉక్కు ఫ్యాక్టరీల ఊళ్లో, సిద్ధగోరాలో మా వీధిలో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. ఏ ఇంటి కిటికీలకి పట్టపగలు దుప్పట్లు వేలాడుతుంటాయో ఆ ఇంటాయన రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్నాడని అందరికీ తెలుసు. కూరగాయల బండివాడు కూడా ఆ ఇంటి ముందు అరవకుండా దాటిపోతాడు. ఊరు ఊరంతా మర్యాద ఇచ్చే నిద్ర అది.

మా ఆయన సూర్యం ఒక కాంట్రాక్టరు కింద రోలింగ్ మిల్లులో షిఫ్ట్ సూపర్‌వైజరు. ఒక వారం పొద్దున డ్యూటీ, ఒక వారం మధ్యాహ్నం డ్యూటీ, ఒక వారం ఈ సీ షిఫ్టు, అంటే రాత్రి పది నుంచి తెల్లారి ఆరు దాకా. ఆయన నిద్ర విలువ నాకు తెలియక కాదు. ఎర్రగా కాలిన ఇనుము పక్కన మనిషి ఒక్క క్షణం తూగితే ఏమవుతుందో ఈ ఊళ్లో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. మా మైత్రి నెలల పిల్లగా ఉన్నప్పుడు ఒకసారి జ్వరంతో పగలంతా ఏడ్చింది. ఆయనకి నిద్ర పట్టలేదు. ఆ రాత్రి డ్యూటీలో ఆయన ఎడమచేతి చిటికెన వేలు చివర నలిగిపోయింది. అప్పటినుంచి ఆ వేలే మా ఇంట్లో చట్టం. నా చేతిలోంచి గరిటె జారితే మా అత్తగారు అసిరమ్మ ఒక్క మాట కూడా అనరు. తన చిటికెన వేలు ఎత్తి చూపిస్తారు, అంతే. అది చూసినప్పుడల్లా నా గుండె గుభేలుమంటుంది. చాలా ఏళ్లకి గానీ నాకు ఒక సంగతి తట్టలేదు. ఆ రోజు పిల్లని భుజాన వేసుకుని వరండాలో తిరిగింది నేను. సాయంత్రం వంట చేసి ఆయనకి టిఫిన్ డబ్బా కట్టింది నేను. మర్నాడు ఆస్పత్రికి పరిగెత్తింది నేను. నాకూ నిద్ర లేదు. నా నిద్ర సంగతి మాత్రం ఎవరూ అడగలేదు, నాతో సహా.

ఇన్నేళ్ల సీ షిఫ్టుల్లో మా ఇంటి ఆడవాళ్ల గొంతులు చిన్నవైపోయాయి. ఆ వారం నేనూ అత్తగారూ సైగలతోనే సంసారం నడుపుతాం. ఉప్పు చాలలేదంటే కనుబొమ్మలు ముడవడం, గ్యాస్ అయిపోయిందంటే అరచెయ్యి తిప్పడం. మొన్న పేరెంట్స్ మీటింగులో మైత్రి టీచరు, "బచ్చీ బహుత్ ధీరే బోల్తీ హై" అంది. పిల్ల పాఠం చదివితే వెనక బెంచీల దాకా వినబడటం లేదట. బిడియమండీ అని నవ్వేసి వచ్చాను. బిడియమూ లేదు, ఏమీ లేదు. విజయనగరంలో మా అమ్మ ఇంటికి వెళ్తే అదే పిల్ల వీధి చివరిదాకా వినబడేలా అరుస్తుంది. ఇంటికి వస్తూ ఆటోలో ఆ సంగతే ఆలోచించాను.

నేను దగ్గర్లో ఒక ప్రైవేటు బళ్లో లెక్కల టీచర్ని. బీఎస్సీ చదివి, పెళ్లయి ఈ ఊరొచ్చి, హిందీ నేర్చుకుని అందులో చేరాను. "హిమబిందు మేడంకి కంప్యూటర్ వచ్చు" అన్న మాట ఎప్పుడు పుట్టిందో గానీ, మార్కుల పట్టికలు, టైంటేబుళ్లు, హాజర్లు, బస్సుల రూట్లు అన్నీ నా నెత్తికెక్కాయి. మగ టీచర్లు గంట కొట్టగానే ట్యూషన్లకి వెళ్లిపోయేవారు. నేను స్టాఫ్ రూంలో కూర్చుని, ఒకే పిల్లాడి పేరు మూడు రకాలుగా రాసిన జాబితాలు సరిచేసేదాన్ని. వాటిని తెర మీద చూపించి వైస్ ప్రిన్సిపాల్ చప్పట్లు కొట్టించుకునేవాడు. ఇంటికొస్తే మా ఆయన ఫోన్లో మిల్లు కాగితాల ఫోటోలు. "బిందూ, ఇవోపాలి కంప్యూటర్లో ఎక్కించీ. నీకు సరదాయే కదా" అనేవారు. ఏ షిఫ్టులో ఎంత మాలు దిగింది, ఏ యంత్రం ఎంతసేపు ఆగింది, అవన్నీ ఎక్కించి, గీతల బొమ్మలు తీసి ఇచ్చేదాన్ని. వాళ్ల పెద్ద సారు "సూర్యం, తేరా చార్ట్ తో కమాల్ హై" అని మెచ్చుకున్నాడని ఆయన మురిసిపోయి చెప్పారు. నేనూ మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఈ పనికి ఒక పేరుందనీ, జీతం ఇచ్చి మరీ చేయించుకుంటారనీ నాకు చెప్పింది సౌజన్య. మా బళ్లో కంప్యూటర్లు చెప్పి మానేసింది, ఊళ్లోనే అగ్రికో కాలనీలో ఉంటుంది. "నువ్వు ఊరికే చేసిపెడుతున్నదాన్ని బయట అనలిటిక్స్ ఇంజినీరింగ్ అంటారే" అంది. కంపెనీల్లో నాలుగు వైపుల నుంచి వచ్చి పడే లెక్కల్ని శుభ్రం చేసి, ఒకదానితో ఒకటి కలిపి, ఎవరు చూసినా నమ్మగలిగే పట్టికలుగా నిలబెట్టడం. ఎస్‌క్యూఎల్ నేర్చుకున్నాను, తర్వాత పైథాన్, రెండూ ఈ పనికి కావలసిన కంప్యూటర్ భాషలు. మైత్రిని డాన్సు క్లాసులో దింపి బయట మెట్ల మీద కూర్చుని పాఠాలు విన్నాను. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని బీరకాయలు చెక్కాను. రెండో చెవి అత్తగారు పిలుస్తారేమోనని ఖాళీగా ఉంచుకునేదాన్ని.

అత్తగారికి చెప్తే, "ఏటి ఉద్యోగమమ్మా అది?" అన్నారు.

"లెక్కలు శుభ్రం చేసే పని అత్తయ్యా."

"సుబ్బరం సెయ్యడానికి అంత సదువెందుకు? ఇంట్లో సేత్తన్నావు కదా."

ఆవిడ వెటకారానికి అనలేదు, నిజంగానే అడిగారు. మా ఆయన మాత్రం నవ్వారు. "నలభై దగ్గరపడ్డాయి నీకు. అక్కడంతా ఇంగ్లీషు మీడియం పిల్లలుంటారు. ఉత్తినే ఆశ పెట్టీసుకోకు" అన్నారు. నా మంచికే అన్నానని ఆయన నమ్మకం. ఆ మాట తీసిపారేద్దామని ఎంత అనుకున్నా, కొత్త పాఠం అర్థం కానప్పుడల్లా ముందు ఆ మాటే వినబడేది.

మొదటి ఇంటర్వ్యూ చలికాలంలో వచ్చింది, పుణేలోని ఏదో కంపెనీ. అది కూడా సీ షిఫ్ట్ వారమే. వంటింట్లో మూల కూర్చుని గొంతు తగ్గించి మాట్లాడాను. అడిగినవన్నీ నాకు వచ్చు. వచ్చినవన్నీ చెప్పాను కూడా. వారం తర్వాత ఉత్తరం వచ్చింది, నాకు కమ్యూనికేషన్ చాలదని. సూర్యం చదివి, "నేను ముందే అన్నాను కదా" అన్నారు. ఏడుపు రాలేదు. సింకులో గిన్నెలన్నీ ఒకదానికొకటి తగలకుండా తోమాను. చప్పుడు చెయ్యకుండా కోపం తెచ్చుకోవడం కూడా నాకు అలవాటైపోయిందని అప్పుడు తెలిసింది.

ఈసారిది హైదరాబాదు కంపెనీ. జనం ఫోన్లో ఆర్డరు పెడితే మందులు ఇంటికి తెచ్చిచ్చేవాళ్లు. ఇంటినుంచే పని. వాళ్లు మూడు నెలల ఆర్డర్లు పంపి, రోజువారీ పట్టికలు కట్టి పంపమన్నారు. నా పనిని నేనే పదిసార్లు సరిచూసుకుని పంపాను. మంగళవారం సాయంత్రం నందిత అనే ఆవిడ దగ్గర్నుంచి జవాబు వచ్చింది. గురువారం పదకొండింటికి వీడియోలో మాట్లాడదాం, ముఖ్యంగా మీ ఆదివారం లెక్కల గురించి అడగాలి అని. ఆదివారానికి ఏమైంది? కంచంలో అన్నం కలుపుతూ అదే, మైత్రికి జడ వేస్తూ అదే. పట్టిక మళ్లీ తెరిచి చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పు ఎక్కడుందో తెలిస్తే అంత భయం ఉండేది కాదు. పట్టుకోలేకపోతున్నానంటే నాకీ పని రాదనే కదా అర్థం.

మాట్లాడటానికి సౌజన్య ఇంటికి వెళ్దామని ముందే అనుకున్నాం. బడికి సెలవు పెట్టాను. అదే తప్పయింది. నేను సెలవు పెట్టానని తెలియగానే అత్తగారు బాగ్‌బేరాలో ఉండే తన తమ్ముడు తవిటయ్య గారిని భోజనానికి పిలిచేశారు.

"లచ్చివారం తవిటయ్య వత్తన్నాడమ్మా. ఆడికి పనసకాయ కూరంటే పేణం. సెలవెట్టావు కదా, ఇంట్లోనే ఉంతావని రమ్మన్నాను."

"నాకు ఇంటర్వ్యూ ఉంది అత్తయ్యా. సౌజన్య ఇంటికి వెళ్లాలి."

"ఎల్లమ్మా, ఎల్లు. నాను సేసుకుంతాను ఏదోటి. కత్తిపీట కాడ కూకుంటే మోకాళ్లు లేవనివ్వవు, అయినా పర్నేదు."

ఆ పర్నేదు అన్నమాట వినగానే నా కాళ్లకి బంధం పడింది. ఆవిడ మోకాళ్లు నిజంగానే బాగాలేవు. నేను వెళ్తే ఎవరూ ఆపరు, కానీ వెళ్లినందుకు ఆ సాయంత్రం నుంచి ఇల్లంతా మూగబోతుంది. ఇంట్లోనే మాట్లాడుకుంటాలే అన్నాను. అన్నాక సౌజన్యకి ఫోన్ చేసి చెప్పాను. అది "నీ ఇష్టం" అని పెట్టేసింది.

గురువారం పొద్దున్నే చేతులకి నూనె రాసుకుని పనసకాయ ముందు కూర్చున్నాను. ఎండ అప్పుడే కిటికీ దుప్పటిని తన్నుకుని లోపలికొస్తోంది. మైత్రి బడికి వెళ్లడానికి తయారవుతోంది. సూర్యం డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, కంచం ముందు కూర్చున్నారు. ఆయన మొహం కమిలిపోయి ఉంది.

"రాత్రి చేపల పులుసు ఉందా?" అన్నారు.

"ఇవాళ లక్ష్మివారం కదండీ."

మా ఇంట్లో లక్ష్మివారం, అంటే గురువారం, నీసు ముట్టరు. అత్తగారు ఆ విషయంలో మహా పట్టింపు మనిషి. గుడ్డు పెంకు చెత్తబుట్టలో కనబడినా ఊరుకోరు. కానీ ఆవిడే కల్పించుకున్నారు.

"లచ్చివారం మనకమ్మా. ఆడికింకా బుదారమే. బుదారం డ్యూటీ సేసొచ్చినాడు, తిని పడుకుంటే అప్పుడు ఆడికి బుదారం అయినట్టు. పెట్టీ."

ఇది కొత్తేమీ కాదు. సీ షిఫ్ట్ వారం ప్రతి లక్ష్మివారం జరిగేదే. పులుసు గిన్నె తీసి వెచ్చబెట్టబోతూ అలాగే నిలబడిపోయాను. ఆదివారం సంగతి తెలిసిపోయింది.

ఈ ఊళ్లో రోజు అర్ధరాత్రికి మారదు. పొద్దున ఆరింటికి మారుతుంది. మిల్లులో లెక్కలు ఆరు నుంచి ఆరుకి కడతారు. తెల్లవారుజామున యంత్రం ఆగితే అది నిన్నటి ఖాతాలోకే పోతుంది. మా ఆయన కాగితాలు ఎక్కించి ఎక్కించి నాకు అదే లోకమైపోయింది. మందుల కంపెనీ పట్టిక కట్టేటప్పుడు, ఆరింటికి ముందు జరిగినవన్నీ ముందు రోజులో వెయ్యి అని చెప్పే రెండు లైన్లు నా పాత పనిలోంచి తెచ్చి అందులో పెట్టేశాను. ఆలోచించి పెట్టలేదు, అలవాటుగా పెట్టాను. పదిసార్లు సరిచూసినా తప్పు కనబడలేదంటే కనబడదు మరి, నా కంటికి అదే న్యాయంగా ఉంది. హైదరాబాదులో ఎవరో ఒకావిడ ఆదివారం అర్ధరాత్రి దాటాక, పిల్లకి జ్వరం మందు కోసం ఆర్డరు పెట్టి ఉంటుంది. లోకానికి అది సోమవారం. దాన్ని నేను మా మిల్లు లెక్కలో ఆదివారం కింద వేశాను. షాపులు పెందరాళే మూసేసే ఆదివారం రాత్రి అలాంటి ఆర్డర్లు ఎక్కువ. అందుకే నా ఆదివారం అంత ఉబ్బిపోయింది.

ఆ క్షణాన నాకు ఎవరికైనా చెప్పాలనిపించింది. ఇది విని నవ్వగలిగే మనిషి ఈ ఇంట్లో ఒక్క సూర్యమే. ఆయనకి ఒక్క ముక్కలో అర్థమవుతుంది.

"ఏవండీ, ఆ హైదరాబాదు పనిలో ఒక తప్పు చేశానండీ, తమాషా ఏమిటంటే" అని మొదలుపెట్టాను.

ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "నిద్దరొత్తంది బిందూ. తర్వాత సెప్పు."

తిని, చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్లి పడుకున్నారు. "పాపా ఆగయే, అబ్ చుప్" అని, నాన్న వచ్చారు ఇక చప్పుడు చెయ్యకూడదని, మైత్రి తనకి తానే చెప్పుకుని, బూట్లు చేత్తో పట్టుకుని గుమ్మం దాకా నడిచి అక్కడ వేసుకుంది. దాన్ని బస్సెక్కించి వచ్చి ల్యాప్‌టాప్ తెరిచాను. నా పట్టికలో తప్పుందని నందితకి ముందే రాసేద్దామని మొదలుపెట్టి, తుడిచేసి, మళ్లీ మొదలుపెట్టాను. రాస్తే ఇంటర్వ్యూనే రద్దు చేస్తుందేమో. రాయకపోతే దాచానంటుందేమో. నిజంగా ఇంజినీర్లయినవాళ్లు ఇలాంటి తప్పు చెయ్యరేమో. అరచేతుల్లో చెమటకి పనస జిగురు కలిసి కీబోర్డుకి అంటుకుంటోంది. ఇంతలో అత్తగారు వచ్చి పొయ్యి వైపు చెయ్యి చూపించారు, కూరకి వేళవుతోందని. ఎదురుగానే చెప్తానని మూసేసి లేచాను.

పదకొండింటికి వంటింట్లో గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టి, బియ్యం డబ్బా మీద కూర్చున్నాను. పొయ్యి మీద పనస ముక్కలు సన్న సెగన ఉడుకుతున్నాయి. వంటింటికీ పడగ్గదికీ మధ్య ఒకటే గోడ. ముందుగదికి తలుపు లేదు, కర్టెన్ ఉంది. వరండాలో వడగాడ్పు. అత్తగారు గుమ్మం దగ్గర పీట వేసుకుని కరివేపాకు దూస్తున్నారు, నాకు కాపలా అన్నట్టు.

నందిత తెర మీదికి వచ్చింది. నాకంటే చిన్నదే, కళ్లజోడు, చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు. నమస్కారం తెలుగులో చెప్పి, మిగతాదంతా ఇంగ్లీషులో మొదలుపెట్టింది. నా పని శుభ్రంగా ఉందంది. ఒకే మందుని నాలుగు రకాలుగా రాసిన పేర్లన్నీ పట్టుకున్నారు, ఇంకెవరూ పట్టుకోలేదంది. నా గుండె కొంచెం కుదుటపడింది. తర్వాత, "ఆదివారాలు మాత్రం మా లెక్కకి సరిపోవడం లేదు. ఎందుకలా వచ్చిందో చెప్పగలరా?" అంది.

చెప్పాను. గొంతు ఎక్కడో లోపలే ఉండిపోయింది. నందిత ముందుకి వంగి, "సారీ, వినబడలేదు" అంది. మళ్లీ చెప్పాను. ఈసారి కొంచెం గట్టిగానే అన్నాననుకున్నాను. గుమ్మంలో అత్తగారు కరివేపాకు రెబ్బ పట్టుకున్న చేతిని కిందికీ పైకీ ఆడించారు, తగ్గు తగ్గు అని. నా వాక్యం సగంలో విరిగిపోయింది. నందిత హెడ్‌ఫోన్ సర్దుకుని, "మీ మైకులో ఏదో ప్రాబ్లం ఉన్నట్టుంది. పెదవులు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు" అంది. పర్లేదు, ఎక్కడ ఆగానో అక్కడినుంచే మళ్లీ చెప్తానన్నాను. అదీ వినబడలేదు. "పోనీ ఇంకోరోజు పెట్టుకుందామా? రేపటికల్లా మేము తేల్చేయాలి, కుదిరితే చూస్తాను" అని చేతి గడియారం వైపు చూసింది.

కుదిరితే చూస్తాను అంటే ఏమిటో నాకు తెలుసు. పుణే ఉత్తరం కళ్ల ముందు మెదిలింది. అప్పుడైతే నాకు రాదనుకున్నారు, సరే. ఇప్పుడు నేను తప్పు చేశాను, అది ఎందుకు చేశానో ఈ భూమ్మీద నాకు తప్ప ఎవరికీ తెలియదు, అది చెప్పడానికి నోరుంది, మాటలున్నాయి. చెప్పకపోతే ఆవిడ దృష్టిలో నేను తేదీలు కూడా లెక్కపెట్టడం రాని మనిషిగా మిగిలిపోతాను. సాయంత్రం సూర్యం లేచి, ఏటైంది అని అడుగుతారు. చెప్తే, నేను ముందే అన్నాను కదా అంటారు. ఆ మాట ఆయన నోటివెంట వచ్చే తీరు కూడా నాకు వినబడింది. "ఒక్క నిమిషం ఉండండి" అని రెండు చేతులూ జోడించి తెరకి చూపించి లేచాను.

అత్తగారికి నేనెక్కడికి వెళ్తున్నానో అర్థం కాలేదు. పడగ్గది వైపు తిరిగాక అర్థమైంది. గబుక్కున నా చీర కుచ్చెళ్లు పట్టుకుని, చిటికెన వేలు ఎత్తారు. ఆ వేలు చూసి ఈసారి కూడా నా గుండె గుభేలుమంది. ఇన్నేళ్ల అలవాటు అంత తొందరగా పోదు. ఆవిడ చెయ్యి మెల్లగా విడిపించి తలుపు తోశాను.

లోపల చీకటి, ఫ్యాన్ చప్పుడు. సూర్యం మోచెయ్యి కళ్లమీద వేసుకుని వెల్లకిలా పడుకుని ఉన్నారు. జాలేసింది. నిజంగానే అలిసిపోయిన మనిషి. కాసేపు అలాగే నిలబడ్డాను. పొద్దున్నించీ పడుకున్నారు. అరగంట మెలకువగా ఉంటే మళ్లీ పడుకోవచ్చు, సాయంత్రం దాకా పడుకోవచ్చు. డ్యూటీ రాత్రి పదింటికి. ఊళ్లోవాళ్ల లెక్కలన్నీ సరిచేసేదాన్ని, ఈ చిన్న లెక్క ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా వేసుకోలేదు. ఆయన నిద్ర పాడైతే ఏమవుతుందోనని భయపడ్డానే తప్ప, ఎంత పాడవుతుందని ఎప్పుడూ చూడలేదు.

"ఏవండీ," అని భుజం తట్టాను. "లేవండి."

ఉలిక్కిపడి లేచి కూర్చున్నారు. "ఏటైంది? అమ్మకేటైనా అయిందా?"

"ఎవరికీ ఏమీ కాలేదు. నేను ఇంటర్వ్యూలో మాట్లాడాలి, గట్టిగా మాట్లాడాలి. ఒక అరగంట. తర్వాత పడుకోండి."

ఆయన నా మొహంలోకి చూశారు, ఎవరో పరాయి మనిషి వచ్చి లేపినట్టు. "దానికోసం లేపీసినావా?" అన్నారు. తిట్టలేదు, నమ్మలేకపోయారు. అవునని చెప్పి వచ్చేశాను. ముందుగదిలో అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు. పొయ్యి మీద కూర అడుగంటే వాసన వస్తోంది. స్టవ్ కట్టేసి కూర్చున్నాను. నందిత ఇంకా ఉంది.

"సారీ అండీ. మైకులో ఏమీ ప్రాబ్లం లేదు. మా ఆయన నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నారు. లేపేశాను. ఇప్పుడు చెప్తాను" అన్నాను. నా గొంతు వంటింటి గోడలకి కొట్టుకుని నాకే వినబడింది. క్లాసులో బోర్డు దగ్గర నిలబడితే వచ్చే గొంతు అది. ఇంట్లో ఎప్పుడూ బయటికి రాలేదు.

ఆదివారం తప్పు నాదే అని మొదలుపెట్టాను. మిల్లు సంగతీ, ఆరింటికి మారే రోజు సంగతీ, చేపల పులుసు సంగతీ కూడా చెప్పాను. అత్తగారి బుధవారం గురించి చెప్తుంటే నందిత నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ రెండు లైన్లు తీసేస్తే ఆదివారం సరిపోతుందని తెర మీదే తీసి చూపించాను. సరిపోయింది. "తప్పు ఆరు గంటలది ఒక్కటే కాదండీ. మీకు రోజు ఎప్పుడు మొదలవుతుందో మిమ్మల్ని అడగాల్సింది, అడగలేదు. నాకు తెలిసిందే లోకమనుకున్నాను" అన్నాను. నందిత ఏదో రాసుకుంది. తర్వాత చాలా అడిగింది. కొన్ని వచ్చు, చెప్పాను. ఒకటి రాదు, రాదనే చెప్పాను. రాదు అన్న మాట కూడా గట్టిగా అంటే అంత సిగ్గుగా లేదు. భయం పోయిందని చెప్పను.

చివర్లో నందిత హెడ్‌ఫోన్లు కొంచెం పక్కకి జరుపుకుని, ఈసారి తెలుగులో అడిగింది.

"మా టీంలో రోజూ మీటింగులుంటాయి హిమబిందు గారూ. నలుగురితో వాదించాలి. మరి ఆయన నైట్ డ్యూటీ ఉన్నప్పుడల్లా లేపుతారా?"

తలెత్తి చూశాను. సూర్యం వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు, కళ్లు ఎర్రగా, జుట్టు చెదిరిపోయి. ఆయన పక్కన అత్తగారు. ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. జవాబు ఇంగ్లీషులో చెప్పొచ్చు. అప్పుడు అది నందితకి మాత్రమే చెప్పినట్టవుతుంది. అందుకని తెలుగులోనే చెప్పాను.

"లేదండీ, ఈ ఒక్కసారికే లేపాను. ఇకనుంచి నేను మాట్లాడుతుంటే ఆయన నిద్రపోవడం నేర్చుకుంటారు."